ఒక్క బీడీ కాలేంతసేపు

మైసన్న పడిపోయిన మేడకు పదిహేడు మెట్లున్నాయి. అనసూయమ్మ ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ ఎక్కింది. తొమ్మిది రోజుల కింద తమ్ముడు ఇదే దారిన కెమెరా పెట్టె భుజాన వేసుకొని ఎక్కాడు. దిగడానికి మాత్రం మెట్లు వాడుకోలేదు.

పోలీసు అమీన్ దత్తోపంతు ముందే పైకి చేరి రుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు.

“చూస్కో అనసూయమ్మా. తొమ్మిది దినాలాయె, ఇంకేం మిగులుతది? తాగిండు, తూలిండు, పడ్డడు. పంచనామ రాసిన, దస్కత్ పెట్టిన, బంద్ చేసిన.”

“మూడు పనులు మంచిగ చేసిన్రు సాబ్. నాలుగోది, చూసుడు, అదొక్కటే నాకు ఇడ్సిపెట్టిన్రు.”

అమీన్ మొహం మాడిపోయింది. కానీ ఆమె సంచిలో మున్సిఫ్ కోర్టు హుకుంనామా ఉంది. చచ్చిపోయినవాడి అక్క జాగాను చూడవచ్చు, వాడి సామాను చూడవచ్చు, అందులో ఫోటో పట్టే గాజు ప్లేటు ఏదైనా దొరికితే అమీన్ సమక్షంలో కడిగి చూడవచ్చు అని కింద మొహరు వేసి మరీ రాసి ఉంది. ఆ మొహరు కోసం ఆమె కోర్టు అరుగు మీద ఆరు రోజులు కూర్చుంది. ఆరు రోజులూ నెత్తికి నూనె రాయలేదు. తమ్ముణ్ని తోసిన చేతికి బేడీలు పడిన రోజే మళ్లీ దువ్వెన పడతానని ఒట్టు పెట్టుకుంది. అద్దంలో చూసుకుంటే తనకే భయమేసేది, కానీ ఆ భయం ఇంకొకరికి పుట్టేదాకా అలాగే ఉండనీ అనుకుంది.

కామారెడ్డిలో ఆమెకు ఫోటో దుకాణం ఉంది. భర్త పోయాక తనే నడుపుతోంది. ఘోషా ఇండ్లలో ఆడవాళ్ల ఫోటోలకు ఆమెనే పిలుస్తారు. కదలకుండా కూర్చోమని చెబితే చాలు, మనిషి ఒళ్లు ఆగుతుంది గాని నోరు ఆగదు. అలా విన్న మాటలతోనే ఆమె రెండు దొంగతనాలు, ఒక విషప్రయోగం తేల్చింది. ఆ మూడూ తన ఖాతాలో పడవలసినవని దత్తోపంతు గట్టి నమ్మకం.

ఆమె డబ్బా కెమెరా తీసి నేల వైపు వంచింది. వెంటనే పక్కన బూట్లు టక్కున దగ్గరికి చేరిన చప్పుడైంది. చూస్తే అమీన్ గడ్డం పైకెత్తి, ఎడమచెయ్యి బెల్టు మీద, కుడిచెయ్యి మీసం కొస మీద పెట్టి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

“సాబ్, ఫోటో మీది గాదు. నేలది. ఊపిరి తీస్కోండ్రి.”

“ఆదత్ అయిపోయింది,” అన్నాడతను తన అలవాటుకు కాస్త సిగ్గుపడి.

నిజమే. పోయినేడు ఆమె దుకాణంలో దిగిన అతని ఫోటో ఇప్పటికీ అద్దాల బీరువాలో ఉంది. రెప్ప కూడా ఆర్పకుండా ఆమె ‘చాలు’ అనేదాకా బొమ్మలా నిలబడిన గిరాకీ ఆమె వ్యాపారంలో అతనొక్కడే.

గచ్చు మీద మూడు చిన్న గుంటలు కనిపించాయి. కెమెరా నిలబెట్టిన ముక్కాలి గుర్తులవి. ముక్కాలి మొహం పడమటికి, అంటే రోడ్డుకు అవతల ఉన్న కొత్త బడి వైపు. జూబ్లీ పండుగకు ఆ బడి గోడ పొడుగునా దీపాలు పెట్టారు. దాన్ని రాత్రిపూట ఫోటో తీయడానికే మైసన్న బాటసారులు దిగే ఈ సరాయి మేడ ఎక్కాడు.

ఆమె అంచు దగ్గరికి పోలేదు. వెనక్కి, మెట్లగది గోడ దగ్గరికి పోయి కూర్చుంది. గోడలో అరచేయంత గూడు. అందులో రెండు బీడీ ముక్కలు, కొసదాకా కాలినవి. గూడు కింద నేల మీద మూడోది, సగం కాలి నలిగింది. మూడింటికీ ఆకుపచ్చ దారం.

“గీ బీడీ ముక్కలకా మున్సిఫ్ హుకుం?” అని నవ్వాడు అమీన్.

“ఇవి ముక్కలు గావు సాబ్. మా తమ్ముని గడియారం.”

మైసన్నకు గడియారం లేదు. రాత్రిపూట కట్టడాల ఫోటో అంటే కెమెరా మూత తీసి నిమిషాల తరబడి వెలుతురు తాగనివ్వాలి. మూత తీయగానే వాడు బీడీ ముట్టించేవాడు. ఆరకుండా, ఎక్కువ లాగకుండా ఒకే లెక్కన పీల్చితే బీడీకి ఐదు నిమిషాలు. ‘ఇది ఒక బీడీ ఇల్లు అక్కా, అది రెండు బీడీల గుడి’ అని లెక్క చెప్పేవాడు. ఎప్పుడూ రెండు ప్లేట్లు తీసేవాడు, ఒకటి ఒక బీడీకి, ఇంకోటి రెండు బీడీలకు. ఏది కుదిరితే అది.

“మూత తీసినంక వాడు లేవడు. అడుగు వేస్తే గచ్చు కదుల్తది, ముక్కాలి కదుల్తది, ఫోటో అలుక్కపోతది. అందుకే వెనక గోడకు వీపు పెట్టి కూసుంటడు. మొదటి ప్లేటుకు ఒక బీడీ అయింది. రెండో ప్లేటుకు ఇంకోటి కూడ అయింది. మూడోది సగంల ఉన్నప్పుడు ఎవడో వచ్చిండు. ఇక్కడ్నుంచి అంచు ఎన్ని అడుగులు సాబ్?”

అమీన్ రుమాలు మడతపెట్టుకోవడంలో పడ్డాడు. ఆమే నడిచి కొలిచింది. పన్నెండు.

“కూసున్నోడు పన్నెండడుగులు తూలి పడ్డడా? తాగినోడు గూడ అంత కష్టపడడు.”

“ఆ రాత్రి గీ బజార్ల వందల మంది తిరిగిన్రు,” అన్నాడు అమీన్. “ఎవడని పడ్తవ్? ఫోటోల గూడ దొరకడు.”

“తిరిగెటోళ్లు ఎట్లాగు దొరకరు. అన్ని నిమిషాలు మూత తెరిచి ఉంటే నడిచే మనిషి పొగ లెక్క మాయమైతడు. కదలనిదే ప్లేటు మీద పడ్తది. గోడ, స్తంభం, గడప.”

“మంచిది,” అన్నాడు అమీన్. ఏది మంచిదో చెప్పలేదు.

*

మెట్ల కింద గంగమణవ్వ బీడీలు చుడుతోంది. ఒడిలో చాట, చాటలో ఆకు, పక్కన ఆకుపచ్చ దారపు ఉండ.

“అవ్వా, మా తమ్మునికి బీడీలు నువ్వే ఇచ్చినవా?”

“మూడు ఇచ్చిన బిడ్డా. మూడే చాలన్నడు. పైకి పోకముందు ఈడనే కూసుండె.”

“ఏం మాట్లాడిండు?”

అవ్వ కత్తెర ఆపి అమీన్ వైపు చూసింది. చూసి, తలవంచుకుంది. అనసూయమ్మ ఆమెకు, అమీనుకు నడుమ వచ్చి కూర్చుంది. ఆమె వెడల్పయిన మనిషి. అమీన్ కనబడటం మానేశాడు.

“అంతకు రెండు దినాల ముంగట గూడ ఒక ఫోటో తీసిండట,” అంది అవ్వ. “గోడ కింద దీపం పెడ్తే వెలుగు కిందికెల్లి మీదికి పాకుతది గదా, పొద్దటి పూట సున్నం కింద దాగింది అప్పుడు కనవడ్తదట. బడి గోడల పెద్ద బీట ఉందట. గుత్తేదారుకు చెప్పిననన్నడు. పోరగాండ్లు కూసుండే బడి, గచ్చు సున్నం పెట్టే కాడ మన్ను పెట్టి కట్టినవ్, నేను తాసీల్దారు సాబుకు ఫోటో జూపిస్త అని చెప్పిండట.”

“పడ్డప్పుడు యాళ్ల ఎంతైంది?”

“గడియారం నాకేడిది బిడ్డా. తదియ నెలవంక బడి కప్పు మీద ఇంక జానెడు ఎత్తుల ఉంది. నేను దీపాలు చూస్తు బజార్ల ఉన్న, దబ్బుమని చప్పుడైంది. నేను ఉరికిన...” అవ్వ కత్తెరను చాటలో పడేసింది.

మాఘ శుద్ధ తదియ. చంద్రుడు జానెడు ఎత్తులో ఉన్నాడంటే ఎనిమిదికి కాస్త అటూఇటూ. అనసూయమ్మ కొంగు ముడిని వేళ్లతో తడుముకుంది. అందులో గాజు పెంకు ఉంది. రెండో ప్లేటును ఎవడో ఈ మెట్ల దగ్గరే పగలగొట్టాడు. ఆ పెంకుల్లో ఒకటి. తొమ్మిది రోజులుగా అది నడుముకు గుచ్చుకుంటూనే ఉంది. గుచ్చుకోవాలనే కట్టుకుంది.

“లే అవ్వా. నీతోని పనుంది. బడి దాక పోయొద్దాం.”

*

బడి గోడకు ముగ్గురు కూలీలు సున్నం కొడుతున్నారు. ఇది మూడో పూత. సోమవారం నాడు ప్రారంభం. గుత్తేదారు బాలనర్సయ్య తన టాపులేని మోటారుకు ఆనుకొని నిలబడి, కూలీల్ని తిట్టడానికి ఒక నోరు, అమీనుకు నమస్కారం పెట్టడానికి ఇంకో నోరు వాడాడు.

“అయ్యో అమ్మా, మైసన్న బంగారమసుంటి పోరడు. నాకు గూడ ఫోటోల పిచ్చి గదా, వాడంటే పాణం నాకు.”

“ఆ రాత్రి ఎనిమిదింటికి ఏడున్నరు గుత్తేదారు సాబ్?”

“కామారెడ్డిల, నా బంగ్లల. ఇరవై ఎనిమిది మైళ్ల దూరంల.” జవాబు నాలుక కొసన సిద్ధంగా ఉంది. ఫోటో జేబులో సిద్ధంగా ఉంది. “సాక్ష్యం చూస్కో. నా బంగ్లకు దీపాలు పెట్టించి నేనే తీసిన. సరిగ్గ ఎనిమిదింటికి మూత తీసి, పది నిమిషాలు పెట్టిన. గడియారం చేతుల పట్టుకొని.”

“నేను గూడ పోయి చూసి తస్దీఖ్ చేసిన,” అన్నాడు అమీన్. “పక్కా సబూత్.”

అనసూయమ్మ ఫోటోను ఎండలోకి తిప్పింది. బంగ్లా అంచులు కత్తితో కోసినట్టున్నాయి. కిటికీ చువ్వలు లెక్కపెట్టవచ్చు. ఎక్కడా అలుకుడు లేదు. కడుపు మండుతున్నా పనిని పనిగా మెచ్చుకోకుండా ఉండలేకపోయింది.

“చేయి మంచిది సాబ్ మీది. ఏం కదల్లే. మీ బంగ్ల వాకిలి ఏ దిక్కు?”

“తూర్పు. వాస్తు చూసి కట్టిన.”

“అయితే కెమెరా పడమటి దిక్కు చూసింది. ఆ రాత్రి ఎనిమిదింటికి నెలవంక పడమట జానెడు ఎత్తుల ఉండె. అగో, గీ కప్పు మీద పది నిమిషాలల్ల తెల్లటి గీత గీయాలె. ఏదీ?”

బాలనర్సయ్య కళ్లు ఫోటో మీదికి, అక్కణ్నుంచి అమీన్ మీదికి పోయాయి.

“మబ్బు అడ్డం వచ్చి ఉంటది,” అన్నాడు అమీన్. అడిగింది గుత్తేదారును, జవాబు వచ్చింది అమీన్ నుంచి. అనసూయమ్మ దాన్ని మనసులో ఒక పక్కన పెట్టుకుంది.

“అవ్వా, నీ కండ్లు మంచియేనా? కప్పు మీద గీ చిన్న చిన్న గీతలు జూడు. చుక్కలివి. మూత తీసిపెడ్తే చుక్క నడిచినంత మేర గీత పడ్తది.”

గంగమణవ్వ ఫోటోను మొహానికి ఆనించుకుంది, దూరం పెట్టింది, మళ్లీ దగ్గరికి తెచ్చింది. ఇరవై ఏండ్లు మొగనితో కలిసి రాత్రుళ్లు మోట కాడ నీళ్లు కట్టిన మనిషి. ఆ కాలంలో ఆమెకు ఆకాశమే గడియారం.

“గిది పిల్లలకోడి చుక్కల గుంపు గదనే! అగో తల్లి, అగో చుట్టూ పిల్లలు. ఓయమ్మ, కప్పు మీదికి దిగింది.”

“మాఘంల ఎనిమిదింటికి పిల్లలకోడి ఏడుంటది అవ్వా?”

“నడినెత్తికి జరంత పడమట. తల ఎత్తితే గాని కనవడదు. గింత కిందికి దిగిందంటే మేం ఎద్దుల ఇప్పి ఇంటికి పోయే యాళ్ల. పదకొండు గాదా?”

సున్నం కూలీలు కుంచెలు ఆపారు.

“మీ మోటారుకు ఇరవై ఎనిమిది మైళ్లు రెండు గంటలు,” అంది అనసూయమ్మ నెమ్మదిగా. “ఎనిమిదికి ఈడ పని పూర్తి. పదికి ఇంట్ల. పదకొండుకు ఫోటో. మబ్బు వచ్చి నెలవంకను కప్పింది సరే సాబ్, నెత్తి మీద ఉన్న కోడిని పిల్లలతోని సహా ఎవడు గుంజుకొచ్చి గోడ మీద కూసోబెట్టిండు?”

బాలనర్సయ్య మొహానికి సున్నం పూసినట్టయింది. కాని గుత్తేదారు గుత్తేదారే. గొంతు సవరించుకున్నాడు.

“ముసల్ది, చుక్కలు. కోర్టుల గిది చెల్లుతదా?”

“చెల్లదు,” ఒప్పుకుంది ఆమె. “అందుకే ఇంకోటి అడుగుతున్న. అమీన్ సాబ్, మా తమ్ముని ప్లేటు పెట్టె మీ కాడ ఉన్నది గదా. తెప్పియ్యుండ్రి.”

దత్తోపంతు నవ్వుతూ వెంట వచ్చిన జవాను చేతి సంచిలోంచి పెట్టె తీశాడు. పుస్తకమంత చెక్క పెట్టె. ఒకవైపు తెరిచి ఖాళీగా ఉంది. “ఇగో, పండుగ చేస్కో. ప్లేటు పగిలిపాయె, డబ్బా మిగిలె. లోపల గాలి ఉన్నది, అది గూడ జూపిస్త.” అని రెండోవైపు రేకును గోటితో పైకి లాగబోయాడు.

అనసూయమ్మ చెయ్యి అతని మణికట్టు మీద పడింది. అమీన్ చెయ్యి పట్టుకున్న ఆడమనిషిని ఆ బజారు అంతకుముందు చూడలేదు.

“చెయ్యి తియ్యి!”

“రేకు ఇడ్సిపెట్టుండ్రి, తీస్త. ఆ రేకు వేలెడు జరిగినా లోపలిది ఎండకు నల్లగ మాడిపోతది.”

“లోపలిదేంది?”

“పెట్టెకు రెండు మొకాలు సాబ్. ముందొక ప్లేటు, వెనకొక ప్లేటు. తోసినోడు కెమెరాల తెరిచి ఉన్న రెండో ప్లేటునే గుంజి పగలగొట్టిండు. డబ్బా కెమెరాల చుట్ట ఫిల్మ్ వాడెటోనికి వెనక మొకం సంగతి తెల్వదు.” ఆ మాట అంటున్నప్పుడు ఆమె బాలనర్సయ్య వైపు చూడలేదు. చూడనక్కరలేదు. మోటారు తలుపు మీద దరువు వేస్తున్న అతని వేళ్లు ఆగిపోయాయి. “ఒక బీడీ ప్లేటు దీంట్లనే ఉన్నది. చెక్కు చెదరలే.”

ఆమె అనుకున్నది ఒకటి, జరిగింది ఇంకొకటి. గుత్తేదారు అరుస్తాడనుకుంది. అతను మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. దత్తోపంతే మెత్తబడ్డాడు. పెట్టెను రెండు చేతులా పట్టుకొని, “గట్లనా అనసూయమ్మా? గాజేనా? జరంత కింద పడ్తే పగుల్తదా?” అన్నాడు.

“హుకుంనామాల మీ సమక్షంల కడగాలని ఉన్నది. పగిల్తే మీ సమక్షంలనే పగిల్నట్టు రాస్త,” అని పెట్టెను తీసుకొని కొంగులో చుట్టుకుంది.

*

కామారెడ్డి దాకా బస్సులో అమీన్ ఆమె వెనక సీట్లో కూర్చున్నాడు. గాజు పగులుతుందా అని ఇంకో రెండుసార్లు అడిగాడు. ఎంతసేపట్లో బొమ్మ తెలుస్తుందని ఒకసారి. దుకాణంలోకి వచ్చాక అద్దాల బీరువాలోని తన ఫోటో వైపు కన్నెత్తి చూడలేదు. మామూలుగా దాని ముందు ఆగకుండా లోపలికి వచ్చే మనిషి కాదు.

చీకటిగదిలోకి తానూ వస్తానన్నాడు.

“ఒక్కరికే జాగ ఉన్నది సాబ్. మీరు ఒళ్లు తగిలిస్తే మందులు ఒలుకుతయి. మున్సిఫ్ సాబుకు ఏం జవాబు చెప్తరు?”

గడియ పెట్టి ఎర్రదీపం వెలిగించింది. పెట్టె వెనక మొహం తెరిచింది. ప్లేటు ఉంది. ఒక్క క్షణం దాన్ని అలాగే పట్టుకుంది. తమ్ముడి వేళ్లు ఆఖరుసారి సరిచేసిన గాజు. మందులో ముంచి పళ్లేన్ని మెల్లగా ఊపింది.

ముందు దీపాలు వచ్చాయి, నల్లటి చుక్కల వరస. కడిగిన ప్లేటులో లోకం తలకిందులు, తెల్లది నల్లగా, నల్లది తెల్లగా. అందరూ అచ్చు ఫోటో చదువుతారు, అనసూయమ్మ దీన్నే చదువుతుంది. తర్వాత గోడ వచ్చింది. గోడలో కిటికీ మూల నుంచి పునాది దాకా తెల్లటి తీగలా బీట వచ్చింది. కప్పు మీద నెలవంక గీసిన నల్లటి గీత. మైసన్న చేయి వణకలేదు. ప్రతి ఇటుకా దాని చోట అది ఉంది.

ఆ తర్వాత బడి ముందు ఆగిన మోటారు వచ్చింది, టాపులేనిది. బాలనర్సయ్యదే. నడిచే జనమంతా పొగలా మాయమై, నిలబడిన బండి ఒక్కటే గోడ ముందు గోడంత స్పష్టంగా పడింది.

“దొరికినవురా,” అంది ఆమె, పళ్ల మధ్య నుంచి.

అప్పుడు ముందు సీట్లో ఇంకేదో తేలింది. మనిషి. ఒక బీడీ కాలేంతసేపు ఎవడు కదలకుండా కూర్చుంటాడు? ఆమె ప్లేటును ఎర్రదీపం దగ్గరికి ఎత్తింది.

సరాయి మెట్ల మీది దీపాల వెలుగు వాడి మీద పడింది. గడ్డం పైకెత్తి ఉంది. ఎడమచెయ్యి బెల్టు మీద. కుడిచెయ్యి మీసం కొస మీద. మొహం నల్లగా, మీసం తెల్లగా, బటన్లతో సహా. ఎదుటి మేడ మీద కెమెరా కనబడింది, మనిషి బిగుసుకుపోయాడు. పక్కవాడు దిగి, మేడ ఎక్కే అదను కోసం అటూ ఇటూ తిరుగుతున్నా, ‘చాలు’ అనేవాడు లేక, ఊపిరి బిగబట్టి అలాగే కూర్చున్నాడు.

పన్నెండడుగుల లెక్క పొద్దున అమీనుకు ఎందుకు వినబడలేదో, మబ్బు ఎందుకు అడ్డం వచ్చిందో, తాగుబోతు అని పంచనామా ఎవరి కోసమో, అన్నీ ఒక్కసారే ఆ గాజు మీద తేలాయి. ఆమె ప్లేటును మళ్లీ మందులోకి దించింది. ఒక మెడ కోసం తిరుగుతుంటే రెండు దొరికాయి.

దుకాణం ముందు మోటారు ఆగింది. తలుపు పడిన చప్పుడు. గుత్తేదారు గొంతు, చాలా తక్కువ స్థాయిలో, “అయిందా?” అంది. “ఇంక లోపల్నే ఉన్నది,” అంది అమీన్ గొంతు.

చీకటిగది తలుపు మీద బూటు కొన తగిలింది.

“అనసూయమ్మా, ఏమన్న కనవడిందా? తలుపు తియ్యి. లేకుంటే విరగ్గొడ్త.”

ఆమె ప్లేటును గట్టిపరిచే మందులోకి మార్చింది. మూలన నీళ్లు పోయే తూము ఉంది, ప్లేటు పట్టేంత వెడల్పు. తూము అవతల కోర్టు కాగితాలు చూసే పేష్కారు పెరడు. అక్కడ ఆయన భార్య ప్రమీలమ్మ ఈ వేళకు గిన్నెలు తోముతుంటుంది, చేయి చాపితే అందుకుంటుంది. బల్ల మీద పోయిన వారం చెడిపోయిన నల్లటి ప్లేటు ఒకటి ఉంది, వీళ్లకు చూపడానికి అది చాలు. కావలసింది ఇంకొక్క ఐదు నిమిషాలు. ఆమె కొంగు ముడి విప్పి గాజు పెంకును పిడికిట్లో పట్టుకుంది.

“మబ్బు మబ్బుగ ఉన్నది సాబ్,” అంది తీయగా. “ఇప్పుడు తలుపు తీసిన్రంటే మీదే బద్నాం. ఒక్క బీడీ కాలేంతసేపు ఆగుండ్రి. నేను ‘చాలు’ అనేదాక కదలకుండ నిలవడుండ్రి.”

బయట బూట్ల చప్పుడు ఆగిపోయింది. కదలకుండా నిలబడటంలో ఆ మనిషికి సాటి లేరు.